ఒక్కసారే అడిగారు

ఆ ఉదయం ఆకాశం ఎటూ తేల్చుకోలేదు. కురవనూ లేదు, విడవనూ లేదు. మబ్బు నది మీదికి బాగా దిగి, అవతలి ఒడ్డున న్యూయార్క్ మేడల్ని నడుము పైన లేకుండా చేసింది. మార్చి నెల సగం గడిచినా జెర్సీ సిటీ వీధుల వారన తోసిన మంచు కరగలేదు. మసిపట్టి, నీళ్ళు చల్లిన పొయ్యిలో బూడిదలా ఉంది.

ఏసుపాదం కిటికీ పక్కన స్టూలు వేసుకుని మనవరాలికి జడ వేస్తున్నాడు. పిల్ల తల్లి, తన కూతురు రూతు ఉన్నన్నాళ్ళూ అది ఆమె పని. ఆమె పోయాక ఆయన చేతికొచ్చింది. కొబ్బరి పీచు తాళ్ళు పేనిన చేతులవి. పాయ మీద పాయ వేసి లాగితే ఎక్కడా వదులుండదు.

"తాతా, టైట్ చేయకు. హెడేక్ వస్తది."

"వదులైతే మధ్యాన్నానికి ఊడిపోద్దమ్మా."

"ఊడితే నేను చేసుకుంటా."

"నువ్వు చేసుకుంటే పిచ్చుక గూడే."

"పిచ్చుక అంటే?"

బయట ఇనప మెట్ల మీద చలికి ఉబ్బి కూర్చున్న పిట్టను ఆయన గడ్డంతో చూపించాడు. జ్యోతి దాన్ని చూసింది. "అది స్పారో," అంది, తాత పొరపాటు పడ్డట్టు.

జడ చివర రబ్బరు బ్యాండు వేసి, మేకుకున్న నల్లతాడు తీశాడు. తాడుకి తాళంచెవి ఉంది. దాన్ని పిల్ల మెడలో వేసి, స్వెట్టరు లోపలికి జార్చాడు.

"ఎవరొచ్చినా తలుపు?"

"తీయను."

"ఫోను?"

"టూ టైమ్స్ రింగయి ఆగితే నువ్వు. మళ్ళీ రింగైతే ఎత్తాలి."

"బయమేస్తదా?"

"నో. ఐయామ్ ఓకే."

ఈ మాట ఆయన రోజూ వినేదే. అన్నం డబ్బాతో పాటు దాన్నీ కట్టుకుని పనిలోకి పోతాడు. ఈ రోజు మాత్రం సగం పూటకే తిరిగి రావాలి. కిందటి వారం బడిలో ఆటలాడేటప్పుడు తాడు స్వెట్టరు బయటికి వచ్చింది. టీచరు అడిగింది, పిల్ల ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బడివాళ్ళు పిల్లల సంగతి చూసే కౌంటీ ఆఫీసుకి చెప్పారు. సాయంత్రం అక్కడి నుంచి ఒకామె చూడ్డానికి వస్తుందని కబురు.

వచ్చినామె పేరు మిసెస్ హాకిన్స్. పొడవుగా, నల్లగా, నెరిసిన జుట్టుతో ఉంది. లోపలికి రాబోయే ముందు గుమ్మం బయట ఆగి, బూట్ల మీద తొడుక్కున్న రబ్బరు తొడుగులు వంగి తీసి పక్కన పెట్టింది. మంచు తడి లోపలికి రాకూడదని ఆమె ఆలోచన. ఏసుపాదం దాన్ని మర్యాద కింద లెక్కేసుకున్నాడు. మంచి మనిషి అనుకున్నాడు.

టీ పెట్టనా అని జ్యోతితో అడిగించాడు. ఆమె వద్దంది. ఆయన గిన్నె పొయ్యి మీద పెట్టాడు. మరిగాక మళ్ళీ చూపించాడు. ఆమె నవ్వి, ఇప్పుడే కాఫీ తాగి వచ్చానంది. ఆయన గ్లాసులో పోసి ఆమె ముందు పెట్టాడు. ఆమె కొంచెంసేపు దాన్ని చలికాచుకుంటున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. తర్వాత ఒక గుక్క తాగింది. మాటల్లో పడి చివరికంటా తాగేసింది. ఆయనకు తృప్తిగా ఉంది. జరగవలసినట్టే జరుగుతోంది.

ఆమె ఇల్లు చూసింది. మంచం, పిల్ల పడుకునే సోఫా, ఫ్రిజ్ మీద ఆరబెట్టిన బడి సాక్సులు చూసింది. గోడ మీద నర్సు టోపీతో రూతు ఫోటో ముందు కాసేపు నిలబడింది. తర్వాత కూర్చుని నెమ్మదిగా, పిల్లకు అందేలా మాట్లాడింది. జ్యోతి మాట మాటా అందిస్తోంది.

"తాతా, గ్రాండ్‌పేరెంట్స్ ఒక్కళ్ళే కిడ్స్‌ని చూస్తుంటే హెల్ప్ ఉందంట. ఒక లేడీ వస్తదంట మనింటికి. ఆఫ్టర్ స్కూల్. నువ్వు వచ్చేదాకా ఉంటదంట. డబ్బులు వద్దంట. కావాలా అంటంది."

ఏసుపాదం చేతిలో టీ గిన్నె ఉంది. దాన్ని కింద పెట్టడం మరిచిపోయాడు. ఇన్నాళ్ళు మేకులు పీకుతూ, పలకలు మోస్తూ, మూడు గంటలు దాటింది మొదలు ఆరయ్యేదాకా లోపల ఒకటి బిగపట్టుకుని ఉండేది. అది ఒక్కసారి వదిలినట్టయింది.

"ఎందుకమ్మా ఆవిడకి శ్రమ," అన్నాడు. "మాకేం పర్లేదు. మేం బానే ఉన్నాం."

వాళ్ళ వైపు భోజనాల బంతిలో కూర్చున్నవాడు అన్నం గరిటె దగ్గరికి రాగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాడు. ఆపడానికి కాదు. వడ్డించేవాడు ఆ చెయ్యి తోసి వెయ్యాలని. అడ్డం పెట్టనివాడు ఆబగా ఉన్నాడంటారు. తోసి వెయ్యనివాడికి పెట్టే మనసు లేదంటారు. ఏసుపాదం చెయ్యి అడ్డం పెట్టాడు.

జ్యోతి ఆమె వైపు తిరిగి, "హీ సెడ్ నో. వి ఆర్ ఓకే," అంది.

మిసెస్ హాకిన్స్ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన నవ్వి, అవునన్నట్టు తల ఊపాడు. ఆమె కాగితాల సంచీ మూసింది. మరి మధ్యాహ్నాలు పిల్ల దగ్గర ఎవరుంటారని అడిగింది.

ఆ ప్రశ్న ఆయన ఎదురుచూసింది కాదు. పరువు నోరు తెరిచింది. "అవర్ పీపుల్," అన్నాడు ఇంగ్లీషులోనే. "చర్చ్ పీపుల్. కమింగ్."

ఆమెకు సంతోషమేసింది. అయినవాళ్ళుంటే అంతకన్నా కావలసిందేముంది అంది. శుక్రవారం ఇదే వేళకి వస్తాననీ, ఆ వచ్చే మనిషిని చూసి వెళ్తాననీ చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి పిల్లతో ఇంకో మాట చెప్పింది. జ్యోతి దాన్ని వెంటనే చెప్పలేదు. తాత చూస్తుంటే అప్పుడు చెప్పింది.

"ఎవరూ లేకపోతే... నా ఏజ్ కిడ్స్ ఒక్కళ్ళే ఉండకూడదంట. ఆమె పైన వాళ్ళకి చెప్పాలంట. అప్పుడు నేను ఎక్కడుండాలో వాళ్ళు చెప్తారంట."

ఆమె రబ్బరు తొడుగులు వేసుకుని మెట్లు దిగింది. ఏసుపాదం తలుపు మూయలేదు. వాళ్ళ ఊళ్ళో అడిగినవాళ్ళు గుమ్మం దిగాక వెనక్కి తిరిగి ఇంకోసారి అడుగుతారు. ఇంట్లో అడిగినప్పుడు వద్దన్నా, అక్కడ సరేనంటారు. ఆయన అడుగుల చప్పుడు వింటూ నిలబడ్డాడు. అవి ఎక్కడా ఆగలేదు. కింద వీధి తలుపు కొట్టుకుంది. కిటికీలోంచి చూస్తే ఆమె కారు అద్దాన్ని కోటు చేతితో తుడుచుకుని వెళ్ళిపోతోంది.

"తాతా," అంది జ్యోతి. "మన పీపుల్ ఎవరు?"

ఆయన గ్లాసు కడుగుతున్నాడు. కడిగిందే మళ్ళీ కడిగాడు.

"ఉన్నార్లే," అన్నాడు.

*

ఏసుపాదం పని నది వారన ఒక చెక్కల యార్డులో. ఓడల్లోంచి దిగిన సరుకు కింద వేసే చెక్క చట్రాలు విరిగితే అక్కడికి వస్తాయి. విరిగిన పలక పీకి కొత్త పలక కొట్టాలి. ఇనప కడ్డీ నోట్లో మేకు తల ఇరికించి, మోకాలితో కడ్డీ మీద బరువు వేస్తే మేకు కీచుమంటూ లేస్తుంది. లేచిన మేకు వంకరగా ఉంటుంది. ఆయన దాన్ని ఇనప దిమ్మ మీద పెట్టి, దొర్లిస్తూ సుత్తితో సాపు చేసి డబ్బాలో వేస్తాడు.

"పాపా," అంటాడు ఫోర్‌మన్ ఫ్రాంక్, తండ్రిని పిలిచినట్టు. "కొత్త మేకులు పెట్టెలకి పెట్టెలున్నాయి కదా."

"ఐ నో," అంటాడు ఏసుపాదం. ఇంకోటి సాపు చేస్తాడు.

మర్నాడు మంగళవారం ఆయన సుత్తి కొట్టుకుంటూ మన పీపుల్‌ని వెతికాడు. ఆదివారాలు తెలుగు ఆరాధన ఒక స్కూలు హాలులో జరుగుతుంది. వచ్చేవాళ్ళంతా పనుల మీద ఉన్నవాళ్ళు, కార్ల మీద దూరాల నుంచి వచ్చేవాళ్ళు. ప్రార్థన అయ్యాక టీ తాగుతూ, "బాగున్నారా అంకుల్," అంటారు. "బాగున్నానమ్మా," అంటాడు ఆయన. ఆ మాట అన్నాక ఇంకేం అడగాలి? ఎవరిని తలుచుకున్నా అడగడానికి నోరు రాలేదు. చివరికి శశికళ మిగిలింది. రూతుతో ఒకే ఆస్పత్రిలో, ఒకే వార్డులో పనిచేసింది. ఇప్పుడు దూరంగా పార్సిప్పనీ అనే ఊళ్ళో ఉంటోంది.

మూడు నలభైకి ఆఫీసు గదిలోకి వెళ్ళి ఫోను తిప్పాడు. రెండు మోతలయ్యాక పెట్టేసి మళ్ళీ తిప్పాడు.

"ఐయామ్ ఓకే, తాతా," అంది జ్యోతి. గొంతు ఎక్కడో గుడ్డలో చుట్టినట్టుంది. లైను అంతే అనుకున్నాడు.

"బిస్కెట్లు తిన్నావా?"

"తిన్నా."

"ఏం చేస్తన్నావు?"

"హోంవర్క్."

అదే రోజు సాయంత్రం శశికళకి ఫోను చేశాడు. వీలైతే ఒకసారి రామ్మా అని మాత్రం అన్నాడు. బుధవారం ఆమె డ్యూటీ నుంచి సరాసరి వచ్చింది. తెల్ల బట్టల మీద కోటు, చేతిలో కూరల గిన్నెలు రెండు.

"ఏంటి బాబాయ్, ఏదో మాట్లాడాలన్నావు?"

"ఏం లేదమ్మా. ఊరికే."

"ఊరికే ఫోన్ చేసే మనిషివా నువ్వు? రూతు ఉన్నప్పుడే చేసేవాడివి కాదు."

ఆయన గిన్నెలు అందుకుని ఫ్రిజ్‌లో సర్దాడు. సర్దుతూ ఉండిపోయాడు. చెప్పింది జ్యోతి. హోంవర్క్ పుస్తకంలోంచి తల ఎత్తకుండా చెప్పింది.

"ఫ్రైడే ఒక లేడీ వస్తది ఆంటీ. మన పీపుల్‌ని చూడాలంట."

"మన పీపులా? ఎవరూ?"

పిల్ల మొత్తం చెప్పింది. లేడీ వస్తానన్నదీ, డబ్బులు వద్దన్నదీ, తాత వద్దన్నదీ. శశికళ మొదట నవ్వింది. తర్వాత కుర్చీలో కూలబడింది.

"వద్దన్నావా బాబాయ్? నోటి దాకా వచ్చింది వద్దన్నావా?"

"మళ్ళీ అడుగుద్ది కదా అని."

"ఈ దేశంలో రెండోసారి ఎవరూ అడగరు. నేనొచ్చిన కొత్తలో మా హెడ్ నర్సు వాళ్ళింటికి పిలిచింది. పొద్దుట్నుంచి ఏం తినలేదు. కేక్ కోసి, తింటావా అంది. మర్యాదకి వద్దన్నా. ఆవిడ చక్కగా ప్లేటు లోపలికి తీసుకెళ్ళి పెట్టేసింది. వచ్చేదాకా ఆ తలుపుకేసే చూస్తా కూచున్నా. అంతే, మళ్ళీ ఆ కేకు మొహం చూళ్ళేదు."

ఏసుపాదం కూడా నవ్వాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"పోనీ నేనొచ్చి ఉందామంటే నాకు షిఫ్టులు," అంది శశికళ. కాసేపు వేలికున్న ఉంగరం తిప్పుకుంది. "బాబాయ్, నేనొకటి చెప్తాను. ఏమనుకోకు. జ్యోతిని నాతో పంపెయ్. మా విద్య ఈడుదే. ఇద్దరూ ఒకే స్కూలుకెళ్తారు. ఇంట్లో మా అత్తగారుంటారు. రూతు కూతురు నాకు బరువా? ఆదివారాలు నువ్వు బస్సెక్కి రావచ్చు. శుక్రవారం ఆవిడొస్తే నా పేరు చెప్పు, నా నంబరివ్వు. శనివారం కారు తెచ్చి తీసుకెళ్తాను."

ఇందులో తప్పు పట్టే మాట ఒక్కటీ లేదు. అన్నీ మంచి మాటలే. మంచి మాటకి కాదనడం ఏసుపాదానికి చేతకాదు. కావాలి అనే మాట పెగలని గొంతులో అక్కర్లేదు అనే మాటా పెగల్లేదు.

"నీ ఇష్టం అమ్మా," అన్నాడు.

జ్యోతి లెక్క ఒకటి రబ్బరుతో చెరుపుతోంది. అంకె పోయింది. పోయాక కూడా చెరిపింది. కాగితం చిరిగేదాకా చెరిపి, చిరిగిన చోట అరచెయ్యి కప్పి పెట్టుకుంది.

*

గురువారం చెక్కల లారీ రాలేదు. మూడు నలభైకి ఫోను చేసి, ఓకే అనిపించుకుని వచ్చేసరికి ఫ్రాంక్ చేతులు దులుపుకుంటున్నాడు. ఇంక పని లేదు, ఇంటికి పో పాపా అన్నాడు.

దారిలో ఒక కొట్టు ముందు ఏసుపాదం ఆగాడు. పిల్లలు బట్టలు పెట్టుకునే పెట్టెలు గాజు వెనక వరసగా ఉన్నాయి. నీలం రంగుది పిల్ల చేతికి సరిపోయేలా ఉంది. లోపలికి వెళ్ళి దాని పిడి పట్టుకుని ఎత్తి చూశాడు. ఖాళీ పెట్టె. ఎంత తేలిగ్గా ఉందో అంత బరువనిపించింది. అక్కడే పెట్టేసి వచ్చేశాడు. రేపు కొనొచ్చు అనుకున్నాడు.

ఇంటి తలుపు తన తాళంతో తీశాడు. లోపల అలికిడి లేదు. దీపం లేదు. బల్ల మీద పిల్ల బడిసంచీ ఉంది, పుస్తకాలు లేవు. బిస్కెట్ల ప్యాకెట్టు పొద్దున ఎలా పెట్టాడో అలాగే ఉంది.

"అమ్మా జ్యోతీ."

పలకలేదు. స్నానాల గది చూశాడు. మంచం కింద చూశాడు. లేస్తూ గోడ పట్టుకుందామని చెయ్యి చాపితే ఫోను పెట్టే చిన్న స్టూలు తగిలింది. స్టూలు మీద ఫోను లేదు. గోడలోంచి వచ్చిన ఫోను తీగ నేల మీదికి దిగి, గదికి అడ్డంగా పోయి, బట్టల అలమర తలుపు కిందికి దూరింది.

ఆయన తీగ వెంట నడిచాడు. తలుపు తీశాడు.

అలమర అడుగున జ్యోతి కూర్చుని ఉంది. కాళ్ళకి బూట్లు, ఒంటి మీద మెడ దాకా గుండీలు పెట్టిన కోటు. ఒళ్ళో ఫోను, ఫోను మీద లెక్కల పుస్తకం, చేతిలో టార్చిలైటు. నెత్తి మీద వేలాడుతున్న రూతు చలికోటు కింది అంచు ఆమె భుజాల మీద పడి ఉంది. ఏడవడం లేదు. వెలుతురుకి కళ్ళు చికిలించింది.

"ఐయామ్ ఓకే, తాతా," అంది.

ఏసుపాదం నేల మీద చతికిలబడ్డాడు. టోపీ తియ్యలేదు.

"రోజూ ఇక్కడేనా?"

"పైన పైప్స్ చప్పుడు వస్తది. మెట్ల మీద మనుషులు. ఇక్కడ వినపడదు."

"నాతో చెప్పలేదేమ్మా?"

జ్యోతి టార్చి ఆర్పింది, వెలిగించింది.

"నువ్వు ఫోన్‌లో అడుగుతావ్. నేను ఓకే అంటా. నువ్వు కూడా ఆ లేడీకి ఓకే అన్నావ్ కదా."

పైన ఎవరో నడిచారు. గోడలో గొట్టం దడదడలాడి ఆగింది. ఆయన ఆ చప్పుడు ఎన్నోసార్లు విని ఉంటాడు. ఇంత పెద్దదని ఇప్పుడే తెలిసింది.

"శశికళాంటీ వాళ్ళింటికి వెళ్తావా?" అన్నాడు.

"నువ్వు వెళ్ళమంటే, ఓకే."

అక్కడితో ఊరుకుంటే శనివారం వచ్చేస్తుంది. ఆయన పిల్ల బూటు లేసు ఊడి ఉంటే కట్టాడు. కట్టి మళ్ళీ అడిగాడు.

"నిజంగా వెళ్తావా?"

జ్యోతి తల్లి కోటు చేతిని తన చేతి మీదికి లాక్కుంది.

"నేను వెళ్తే నీ ఫోన్ ఎవరు ఎత్తుతారు?"

ఏసుపాదం లేచాడు. ఒక చెయ్యి అలమర తలుపుకి ఆనించి, రెండో చెయ్యి పిల్లకిచ్చాడు. "కోటు ఎలాగూ ఉంది. పద," అన్నాడు.

*

కౌంటీ ఆఫీసులో కుర్చీలు ఎత్తి బల్లల మీద పెడుతున్నారు. మిసెస్ హాకిన్స్ వంగి రబ్బరు తొడుగులు వేసుకుంటోంది. దారంతా ఏసుపాదం ఇంగ్లీషు కూడబలుక్కుంటూ వచ్చాడు. ఆమె తలెత్తేసరికి అందులో సగం పోయింది.

"మేడమ్," అన్నాడు. "మండే, ఐ టెల్ లై. నో పీపుల్. నోబడీ కమింగ్." టోపీ తీసి చేతిలో నలిపాడు. "ఐ నీడ్."

ఆమె ఒక తొడుగు చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది. అడిగాను కదా, మీరు వద్దన్నారు కదా అంది. కోపంగా అనలేదు. అర్థం కాక అంది.

జ్యోతి తాత వైపు చూసింది. తనే చెప్పింది. తాత వాళ్ళ ఊళ్ళో ఫస్ట్ టైమ్ అందరూ నో అంటారు, మళ్ళీ అడగాలి అని. మిసెస్ హాకిన్స్ కాసేపు ఆలోచించింది.

"అందుకేనా నాకు ఆ టీ వచ్చింది?" అంది.

"యెస్," అంది జ్యోతి.

ఆమె నవ్వింది. నవ్వు తగ్గాక ముఖం దించుకుంది. ఇంటికి రావలసిన ఆ మనిషిని నిన్న పొద్దున్నే వేరేవాళ్ళకి ఇచ్చేశామంది. మళ్ళీ ఎండాకాలానికి గానీ ఖాళీ రాదు. అప్పటికి పేరు రాస్తాను, ఇప్పుడు నా చేతిలో ఏమీ లేదు అంది. జ్యోతి అదంతా తెలుగులో చెప్పింది. చెప్పి, వెళ్ళిపోదామన్నట్టు తాత చెయ్యి లాగింది.

ఏసుపాదం కదల్లేదు.

"మళ్ళీ అడుగు," అన్నాడు.

"తాతా, షీ సెడ్ నో."

"విన్నాను. మళ్ళీ అడుగు."

జ్యోతి అడిగింది. గొంతు పీలగా వచ్చింది. మిసెస్ హాకిన్స్ ఆయన్ని చూసింది, పిల్లని చూసింది. గోడ గడియారం చూసింది. తల అడ్డంగా ఆడించబోయి ఆగింది. రెండో తొడుగు కూడా వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుంది.

"నాతో రండి," అంది.

ఆమె తీసుకెళ్ళింది ఒక చర్చి కింది గదికి. గురువారాలు అక్కడ మనవల్ని పెంచుకునే ముసలివాళ్ళు కూడతారట. ఏసుపాదం గుమ్మం దగ్గరే నిలబడి చూశాడు. ఒక ముసలాయన ఒళ్ళో పసిపిల్ల నిద్రపోతోంది. ఒకామె పిల్లాడి చొక్కాకి గుండీ కుడుతూ, పక్కామెతో అల్లుడిని తిడుతోంది. పొడుగాటి బల్ల చుట్టూ పిల్లలు బొమ్మలకి రంగులు వేస్తున్నారు. నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు, స్పానిష్ మాట్లాడేవాళ్ళు. అందరూ తనలాగే ముందు ఒక చేత్తో కుర్చీ పట్టుకుని గానీ లేవడం లేదు. ఈ వేళప్పుడు ఊరు మొత్తం మీద తనొక్కడే గడియారం చూస్తుంటాడని అనుకునేవాడు.

మిసెస్ హాకిన్స్ గుండీ కుడుతున్నామెతో మాట్లాడింది. ఆమె పేరు గ్లోరియా. పోర్టోరికో మనిషి, పొట్టిగా, లావుగా ఉంది. పళ్ళతో దారం తెంపి ఏసుపాదాన్ని కింది నుంచి పైకి చూసింది.

"ఏ వీధి?" అంది.

ఆయన చెప్పాడు.

"మాది వెనక వీధే. నాకు ముగ్గురున్నారు. మూడింటికి ముగ్గుర్నీ బడి దగ్గర నేనే కారెక్కించుకొస్తాను. మీ పిల్లనీ తెస్తాను. మీరొచ్చేదాకా మా ఇంట్లో ఉంటుంది. నా వంటగదిలో అరుపులు ఎక్కువ, అది ముందే చెబుతున్నా. సరేనా?"

ఏసుపాదం కుడిచెయ్యి దానంతటది పైకి లేచింది. అయ్యో మీకెందుకు శ్రమ అనే మాట పెదాల దాకా వచ్చింది. పక్కన జ్యోతి ఆ చేతినే చూస్తోంది.

చెయ్యి కిందికి దించాడు.

"యెస్," అన్నాడు. ఒకటే మాట. అనేసి సిగ్గుతో నేల చూశాడు. ఆబగా ఉన్నాడని ఎవరూ నవ్వలేదు. గ్లోరియా అప్పటికే ఇంకో గుండీ వెతుక్కుంటోంది.

ఇంటికి రాగానే శశికళకి ఫోను చేశాడు. ఫోను ఇంకా అలమరలోనే ఉంది. దాన్ని బయటికి తెచ్చి స్టూలు మీద పెట్టి, తీగ చుట్టలు సర్ది, అప్పుడు తిప్పాడు.

"శనివారం రావద్దమ్మా," అన్నాడు.

"నేనేమన్నా తప్పుగా అన్నానా బాబాయ్?"

"లేదమ్మా. నువ్వు మంచికే అన్నావు. పిల్ల నా కాడే ఉంటది."

"ఎవరు చూస్తారు మరి?"

ఆయన జరిగింది చెప్పాడు. శశికళ ఊఁ కొడుతూ వింది. చివర్లో ఆమె గొంతులో చిన్న ముల్లు ఉంది. "అంటే తెలియనివాళ్ళనైనా అడిగావు గానీ, నన్ను మాత్రం అడగలేదు."

"ఆదివారం విద్యని తీసుకుని రామ్మా," అన్నాడు. కొంచెం ఆగి, "తప్పకుండా రా," అని మళ్ళీ అన్నాడు.

*

శుక్రవారం మిసెస్ హాకిన్స్ గ్లోరియా వంటగదిలోనే జ్యోతిని చూసి వెళ్ళిందట. ఏసుపాదం పని నుంచి వచ్చేసరికి పిల్ల అక్కడ బల్ల దగ్గర కూర్చుని, చిన్నపిల్ల ఒకదానికి జడ వేస్తోంది. మెడలో నల్లతాడు లేదు. తాళంచెవి పుస్తకాల సంచీలో ఉంది. మూడు నుంచి ఆరుదాకా యార్డులో ఆయన ఫోను దగ్గరికి వెళ్ళలేదు. చేతికి ఏం చెయ్యాలో తోచక డబ్బాడు మేకులు సాపు చేశాడు.

ఇంట్లో అన్నం వండాడు. కోడిగుడ్ల పులుసు పెట్టాడు. ఉల్లిపాయ సన్నగా తరిగి, చింతపండు పిసికి, గుడ్లకి చాకుతో గాట్లు పెట్టి వేశాడు. జ్యోతి కంచాలు తెచ్చింది. తలలు వంచి ప్రార్థన చేసుకున్నారు. ఆయన ప్రార్థన ఎప్పుడూ లోపలే.

పైన గొట్టం దడదడలాడింది. జ్యోతి తల ఎత్తి చూసి, మళ్ళీ అన్నం కలుపుకుంది.

ఆమె కంచంలో గుడ్డు అయిపోయింది. ఏసుపాదం గరిటెతో ఇంకో గుడ్డు, కొంచెం పులుసు తీసి చూపించాడు.

"ఇంకోటి?"

"వద్దు," అంది జ్యోతి.

రోజూ అయితే ఆ మాట ఆయన చెవిని పడదు. గరిటె అప్పటికే కంచంలో బోర్లించి ఉంటాడు. ఈ రోజు ఆయన మళ్ళీ అడగలేదు. గరిటె గిన్నె మీద ఎత్తి పట్టుకుని, పులుసు చుక్కలు గిన్నెలో పడుతుంటే ఊరుకున్నాడు.

జ్యోతి గరిటె వైపు చూసింది. తాత ముఖం వైపు చూసింది. వేళ్ళకున్న అన్నం మెతుకులు కంచం అంచుకి రాసుకుంది.

"కావాలి," అంది.

ఆయన వడ్డించాడు. గిన్నెలో అడుగున ఉన్న చివరి గుడ్డు జ్యోతి తనే తీసి, అడక్కుండా తాత కంచంలో వేసింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు. తలలు వంచుకుని ఇద్దరూ తిన్నారు.